తొమ్మిదేళ్ల కరాటే, నాలుగు సెకన్ల గొడవ: శనివారం పిల్లలకు ఏం చెప్పను?

శనివారం మాస్టర్:

షోటోకాన్ కరాటే తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. బ్లాక్ బెల్ట్ వచ్చి మూడేళ్లయింది. మా మాస్టర్‌గారికి మోకాలు బాగోలేక రెండేళ్ల నుంచి శనివారం పిల్లల బ్యాచ్ నేనే చూస్తున్నాను. మొత్తం 14 మంది. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. అసలు సంగతి చెప్పాక నేనెందుకు ఇంత సిగ్గుపడుతున్నానో మీకు అర్థం కావాలని చెప్తున్నాను.

మూడు వారాల క్రితం పార్కింగ్‌లో ఒకాయనతో మాటా మాటా పెరిగింది. నా కారు వెనక ఆయన కారు అడ్డంగా పెట్టాడు, తీయమన్నాను, అంతే. మనిషి నాకంటే పొట్టి, కాస్త పొట్ట కూడా ఉంది. అరుస్తూ అరుస్తూనే దగ్గరికొచ్చేశాడు. ఎడమచేత్తో నా కాలర్ పట్టుకుని గుంజాడు. కుడిచెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడనే లేదు, వచ్చి నా ఎడమ చెవి మీద పడింది. ఆ ఊపులోనే నన్ను కారు డోర్‌కేసి నొక్కిపెట్టాడు. ఈలోగా ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చి విడదీశారు. మొత్తం కలిపి నాలుగు సెకన్లు ఉంటుందేమో.

ఆ నాలుగు సెకన్లలో నేను చేసిందేమిటో చెప్తాను. ఎడమచెయ్యి తల దగ్గరికి లేపాను. అది టెక్నిక్ ఏమీ కాదు, కందిరీగ మీదికొస్తే ఎవరైనా లేపినట్టే. ఇక కుడిచెయ్యి, నవ్వకండి, పిడికిలి బిగించుకుని నడుము దగ్గరికి వెళ్లింది. హికిటె! ఒక చెయ్యి కొడుతుంటే రెండో చెయ్యి నడుముకు లాగాలని తొమ్మిదేళ్లు నేర్చుకున్నానుగా, అది బుద్ధిగా వెళ్లి తన చోట కూర్చుంది. కొట్టాల్సిన చెయ్యి మాత్రం ఎక్కడా కనపడలేదు.

దెబ్బ పెద్దదేం కాదు. రెండ్రోజులు చెవి గుయ్యిమని తగ్గిపోయింది. అసలు గొడవలోకి దిగకుండా ఉండాల్సిందనీ తెలుసు, ఆ క్లాసు మా ఇంట్లో పీకేశారు, మీరు మళ్లీ పీకొద్దు. నన్ను తినేస్తున్నది వేరే. తర్వాతి శనివారం పిల్లల ముందు నిలబడి "ఆగె ఉకె! పైనుంచి దెబ్బ వస్తే ఇలా ఆపాలి" అనబోయాను. గొంతులోనే ఆగిపోయింది. వెనక వరుసలో 8 ఏళ్ల పాప ఒకతి ఉంది, దానికి నోరు కాస్త ఎక్కువ. "సార్, నిజంగా ఎవరైనా కొడితే ఇలాగే చెయ్యాలా?" అని అడిగింది. "ముందు హెయాన్ షోడాన్ సరిగ్గా చెయ్యి" అన్నాను. అది మొదట్లో నేర్పే కటా, అంటే ఎదుట ఎవరూ లేకుండా వరసగా చేసే కదలికలు. ఇంతకంటే దొంగ జవాబు నేను జన్మలో ఇవ్వలేదు.

అందుకే అడుగుతున్నాను. కటాలు, గాల్లో పంచ్‌లు, "నేను ముఖానికి కొడతాను, నువ్వు ఆపు" అని ముందే చెప్పి జతగా చేసే పోరు సాధన కుమితే, ఇవన్నీ నిజం గొడవలో ఏమైనా పనికొస్తాయా? రాకపోతే రెండేళ్లుగా నేను ఆ పిల్లలకు నేర్పుతున్నదేమిటి? ఏ స్టైల్ గొప్పదన్న పంచాయితీ వద్దు. దెబ్బలు తిన్నవాళ్లు, వేసినవాళ్లు చెప్పండి.

ముక్కుసూటి:

కటా అంటే గాలితో కుస్తీ. గాలి తిరిగి కొట్టదు. 1993 నవంబర్‌లో డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ, అంటే రకరకాల విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ, పెట్టినప్పుడే మీ ప్రశ్నకు జవాబు దొరికింది. సుమో ఆయన వచ్చాడు, బాక్సర్ వచ్చాడు, సవాటే, కెన్‌పో, టైక్వాండో లాంటి తన్నే, గుద్దే విద్యలవాళ్లు వచ్చారు. చివరికి గెలిచిందెవరు? చూడ్డానికి బక్కగా ఉన్న హోయ్స్ గ్రేసీ, పట్టుకుని కిందపడేసి లొంగదీసే జుజుట్సు మనిషి. ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. బాక్సర్ అయితే ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చి, ఒక్క పంచ్ కూడా సరిగ్గా వెయ్యకుండానే కిందపడి ఓటమి ఒప్పుకున్నాడు. కరాటే మానేసి జుజుట్సులోనో బాక్సింగ్‌లోనో చేరండి. సింపుల్.

చిరిగిన గి:

శనివారం మాస్టర్‌గారూ, మీ నడుము దగ్గరి చెయ్యి గురించి చదివి గట్టిగా నవ్వేశాను. మీ మీద కాదు. నా చెయ్యి కూడా పన్నెండేళ్లు అక్కడే కాపురం చేసింది.

నేను 24 ఏళ్లకు కరాటే మొదలుపెట్టాను, 36కి జూడోలో చేరాను. ఇప్పుడు 47. జూడోలో మొదటిరోజు నాకు జత వేసింది 16 ఏళ్ల అమ్మాయిని. నాకంటే పది కిలోలు తక్కువ ఉంటుంది. చేరి రెండేళ్లయిందట. పాపం చిన్నపిల్ల, మెల్లగా చేద్దాంలే అనుకున్నాను. పది నిమిషాల్లో ఏడుసార్లు కింద పడ్డాను. ఎనిమిదోసారి నేనే కూర్చున్నాను, ఆ పిల్లకెందుకు శ్రమని.

ఇంటికొచ్చి ఆలోచిస్తే రెండు సంగతులు తోచాయి. ఒకటి, దూరం. కరాటేలో ఎదుటి మనిషి ఒక అడుగు వేస్తే తప్ప తగలనంత దూరంలో ఉంటాడు. మన చూపు, మన నిలబడే తీరు, మన ధైర్యం అన్నీ ఆ దూరానికే అలవాటు పడతాయి. ఆ పిల్ల ఆ దూరాన్ని అసలు లెక్కే చెయ్యలేదు. వచ్చి కాలర్ పట్టుకుంది. మీ పార్కింగ్ ఆయన చేసిందీ అదే. మీ తొమ్మిదేళ్లు ఓడిపోయింది దెబ్బ పడ్డప్పుడు కాదు, ఆయన అరుస్తూ రెండడుగులు దగ్గరికొచ్చినప్పుడు. ఆ రెండడుగులకు మన కటాల్లో ఏ కదలికా లేదు.

రెండోది. ఆ పిల్ల వేసే "ఓసోతో గారి", అంటే అవతలివాళ్ల కాలు వెనక కాలేసి పడేసే పట్టు, చూడ్డానికి ఏమంత బాగుండదు. వాళ్ల కోచ్ రోజూ తిట్టేవాడు. కానీ పడటం ఇష్టంలేని మనుషుల మీద ఆ పిల్ల దాన్ని కొన్ని వందలసార్లు వేసింది. నా మవాషి గెరి, అంటే పక్క నుంచి తిప్పి తన్నే కిక్, ఫోటో తీసి గోడకు పెట్టుకునేలా ఉండేది, అది తగలకూడదని నిజంగా కోరుకునే మనిషి మీద మాత్రం నేనెప్పుడూ వెయ్యలేదు. టోర్నమెంట్లలో కూడా తగలకముందే ఆపడమే కదా మనకు మార్కులు.

జూడో మొదలుపెట్టిన జిగోరో కానో 1882లో తన బడి కోడోకాన్ పెట్టినప్పుడు చేసిన పని ఇక్కడే అర్థమవుతుంది. అప్పటికే ఆయన పాత జుజుట్సు రెండు సంప్రదాయాలు నేర్చుకున్నాడు. ఫ్రీ ప్రాక్టీసులోంచి, అంటే రండోరిలోంచి, ప్రమాదమైన దెబ్బలన్నీ తీసేశాడు. విద్యను మెత్తబరిచాడని మీకనిపించవచ్చు. కానీ మిగిలినవాటిని మనిషి పూర్తి బలంతో ఎదురు తిరుగుతుంటే రోజూ, ఏళ్ల తరబడి, ఎవరూ ఆసుపత్రి పాలవకుండా చెయ్యొచ్చు. ప్రాణం తీసే టెక్నిక్ అని దాచుకుని గాల్లో చేసేదానికంటే, ప్రాణం తియ్యని టెక్నిక్ మొండి మనిషి మీద వెయ్యిసార్లు చేసింది ఎక్కువ పనికొస్తుంది. అలాగని తీసేసిన దెబ్బల్ని ఆయన పారెయ్యలేదు, కటాల్లో దాచాడు. అవును ముక్కుసూటిగారూ, జూడోలో కూడా కటాలున్నాయి. కాకపోతే అక్కడ కటా పక్కనే రండోరి ఉంది.

మన కరాటే దారి వేరు. 20వ శతాబ్దం మొదట్లో ఇతోసు అంకో అనే కరాటే గురువు దాన్ని జపాన్‌లోని ఒకినావా బడుల్లోకి తీసుకెళ్లాడు. బడి పిల్లలకు తగినట్టు పినాన్ కటాలు కూర్చాడు. మీరు ఆ పాప చేత చేయిస్తున్న హెయాన్లు అవే, పేరు మార్చింది మన షోటోకాన్ మొదలుపెట్టిన ఫునాకోషి. ఒక్క మాస్టారు, డజన్ల కొద్దీ పిల్లలు, వరుసలు, అంకెలు. ఒళ్లు గట్టిపడటానికి, క్రమశిక్షణకి పెట్టిన పాఠం అది. దాంట్లోంచి పార్కింగ్ గొడవకు జవాబు రాలేదని బాధపడితే, గుంజీలు తీసినా ఈత రాలేదని బాధపడ్డట్టే.

ఇక మీ హికిటె. జూడోలో చేరిన రెండో నెలలో మా కోచ్ నా మీద అరిచాడు: "మీ హికిటె చచ్చిపోయింది, లాగండి!" నేను తెల్లబోయాను. జూడోలో అవతలివాళ్ల చేతి బట్ట పట్టుకుని లాగే చేతిని హికిటె అంటారు. అదే మాట! పన్నెండేళ్లు ఖాళీ పిడికిలిని నడుముకు లాగాను, అందులో అవతలి మనిషి చొక్కా చెయ్యి ఉండాలని ఒక్కరూ చెప్పలేదు. మీ కుడిచెయ్యి ఆరోజు వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. వట్టి చేత్తో వెళ్లింది, అదీ తేడా.

మానెయ్యకండి. మీతోపాటు చేసే ఒకరిని పట్టుకోండి. ఆయన ఎడమచేత్తో మీ కాలర్ పట్టుకుని గోడకు నొక్కాలి, కుడిచేతికి పెద్ద బాక్సింగ్ గ్లవ్ వేసుకుని మెల్లగా తలకు తగిలిస్తుండాలి. మీ పనల్లా గోడ నుంచి బయటపడటం. 30 సెకన్లు చాలు. మౌత్ గార్డ్ పెట్టుకోండి. మొదటివారం పావువంతు బలంతో చెయ్యండి, తర్వాత పెంచండి. చాలా అసహ్యంగా ఉంటుంది. అందంగా వస్తోందంటే మీ జతగాడు మొహమాటపడుతున్నాడని అర్థం.

మళ్లీ వైట్‌బెల్ట్:

ముక్కుసూటి బ్రో, 1993 దగ్గరే క్యాలెండర్ ఆపేస్తే ఎలా? ల్యోటో మచీడా చిన్నప్పటి నుంచి షోటోకానే. వాళ్ల నాన్నే గురువు. 2009 మేలో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. 2011 ఏప్రిల్‌లో టొరంటోలో రాండీ కూచర్‌ని ఎగిరి ముందుకు తన్నే కిక్‌తో పడేశాడు. సినిమాల్లో తప్ప పని చెయ్యదని అందరూ నవ్వే కిక్ అది. అయితే ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. మచీడాకి జుజుట్సులో బ్లాక్ బెల్ట్ ఉంది, సుమో చేశాడు. కిందపడితే ఏం చెయ్యాలో తెలిసినవాడికే ఒంటికాలి మీద ఎగిరే ధైర్యం ఉంటుంది.

నా అనుభవం రూల్స్ గురించి. నేను క్యోకుషిన్ కరాటే ఆరేళ్లు చేశాను. గ్లవ్స్ లేకుండా ఛాతీ మీద, కడుపు మీద నిజంగానే గుద్దుకుంటాం. దెబ్బ తినడం బాగా వచ్చింది. కానీ పోటీల్లో ముఖానికి చేత్తో కొట్టకూడదు. తర్వాత బాక్సింగ్ జిమ్‌కి వెళ్తే మొదటి రౌండ్‌లోనే ముక్కు అదిరింది. ఆరేళ్లుగా నా చేతులు ఛాతీ దగ్గరే ఉన్నాయని అప్పటిదాకా నాకే తెలీదు.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ కరాటే హెవీవెయిట్ ఫైనల్ గుర్తుందా? సౌదీ ఆటగాడు తారెగ్ హమెది 4-1తో ముందున్నాడు. ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదేకి మెడ దగ్గర కిక్ తగిలి స్పృహ తప్పింది. కిక్‌లో బలం హద్దు దాటిందని హమెదిని డిస్‌క్వాలిఫై చేశారు. స్పృహ తప్పిన ఆయనకు గోల్డ్, నిలబడ్డ ఆయనకు సిల్వర్. ఆ ఆటలో అది సరైన తీర్పే, కంట్రోల్ ఉండాలన్నది వాళ్ల రూల్. కానీ ఏళ్ల తరబడి తగలకముందు ఆపడమే సాధన చేసినవాళ్లం, గొడవలో చెయ్యి ఆగిపోయిందని ఎందుకు ఆశ్చర్యపోతాం?

ముక్కుసూటి:

మచీడాని ఒప్పుకున్నా. కానీ మచీడా ఒక్కడు, శనివారం పిల్లలు 14 మంది.

నైట్‌డ్యూటీ:

నేను ఫైటర్‌ని కాదు. ఎమర్జెన్సీలో నర్స్‌ని, పదకొండేళ్లుగా. గొడవలు చూడను, గొడవల తర్వాత మిగిలినవాళ్లని చూస్తాను.

కొట్టినవాళ్లు ఎక్కువగా ఏ దెబ్బతో వస్తారో తెలుసా? చెయ్యి విరిగి. చిటికెన వేలి కింద అరచేతిలో ఎముక విరుగుతుంది. దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. పుర్రె గట్టిది, ఆ ఎముక సన్నది. గ్లవ్స్ వేసుకుని బ్యాగ్ కొట్టేవాళ్లకి ఆ సంగతి గుర్తుండదు. ఇంకో రకం, వేలి కణుపు మీద చిన్న గాటుతో వస్తారు. "ఏం లేదు సిస్టర్, కొంచెం గీసుకుంది" అంటారు. అవతలివాడి పన్ను దిగిన గాటు అది. నిర్లక్ష్యం చేస్తే కీలు లోపల చీము పట్టి ఆపరేషన్ దాకా పోతుంది.

కానీ నాకు భయం వేసేది ఆ దెబ్బలు కాదు. ఒక్క గుద్దు తిని వెనక్కి పడి తల నేలకి కొట్టుకున్నవాళ్లు. గుద్దు చంపకపోయినా నేల చంపుతుంది. అందుకే చిరిగిన గిగారు చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఆవిడ చెప్పకుండా వదిలేసింది. జూడోలో మొదటిరోజు నుంచే పడటం నేర్పుతారు కదా, గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా. అది గొడవలోనే కాదు, తడి బాత్రూంలో కూడా పనికొస్తుంది. మీ పిల్లలకు ముందు అది నేర్పండి.

కత్తిపోటుతో వచ్చినవాళ్లు చాలామంది ఒకే మాట చెప్తారు: "గుద్దాడనుకున్నా. తడిగా తగిలాక చూసుకున్నా." కత్తిని ఎలా లాక్కోవాలో చూపించే క్లాసుల వీడియోలు చూసినప్పుడల్లా నాకు వీళ్లే గుర్తొస్తారు. ఆ క్లాసు మాత్రం పిల్లలకు పెట్టకండి.

ఇంకొకటి. మీరు కందిరీగకు లేపినట్టు లేపానన్న ఆ ఎడమచెయ్యిని చిన్నచూపు చూడకండి. అది లేకపోతే ఆ దెబ్బ చెవి మీద కాక దవడ మీద పడి ఉండేదేమో.

శనివారం మాస్టర్:

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ థాంక్స్, ముక్కుసూటిగారితో సహా.

మొదటి శనివారం స్పాంజ్ కర్ర ఒకటి పట్టుకెళ్లి, ఆ 8 ఏళ్ల పాపకిచ్చి, "నీ ఇష్టమొచ్చినప్పుడు, ఇష్టమొచ్చిన చోట నన్ను కొట్టు" అన్నాను. నేను కటాలో ఉన్నట్టే ఆగె ఉకె వేస్తానన్నాను. పదిలో తొమ్మిది తగిలాయి. పదోది కూడా నవ్వాపుకోలేక గురి తప్పింది. పిల్లలకు అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు, మాస్టర్‌ని కొట్టొచ్చట!

తర్వాత వాళ్లకి వాళ్లే జతలుగా చేశారు. నేను గమనించింది ఏమిటంటే, చెయ్యి నడుము దగ్గర నుంచి మొదలైతే ఒక్క దెబ్బా ఆగలేదు. రెండు చేతులూ ముందే గడ్డం దగ్గరుంటే, అదే కదలిక పొట్టిగా, ముతగ్గా వచ్చి కొన్ని ఆగాయి. అన్నిటికంటే బాగా తప్పించుకున్నది చేతులు వాడినవాళ్లు కాదు, పక్కకి అడుగేసినవాళ్లు. ఆ అడుగు కటాలో రోజూ వేసేదే. ఎందుకు వేస్తున్నారో ఎవరికీ చెప్పలేదు, అంతే.

మూడోవారం నుంచి సగం క్లాసు మ్యాట్ మీద పడటమే. నేనూ ఒక జూడో స్నేహితుడి దగ్గర నేర్చుకుంటూ నేర్పుతున్నాను, పిల్లలు నాకంటే ముందున్నారు. హికిటె కోసం ఒకరి చేతి బట్ట ఇంకొకరి చేతిలో పెట్టి లాగమన్నాను. 11 ఏళ్ల అబ్బాయి ఊరికే కటాలో లాగినట్టు లాగాడు, అవతలివాడు నిజంగా తూలి వాడి మీద పడ్డాడు. ఇద్దరూ భయపడి నా వైపు చూశారు. నేను కూడా అంతే ఆశ్చర్యంగా చూశాను, దాచుకోలేదు.

మా మాస్టర్‌గారికి చెప్పడానికి భయపడ్డాను. విని, "నాకు ఎవరైనా ఇలా చెప్పి ఉంటే బాగుండేది" అని, మోకాలు రుద్దుకుంటూ కాసేపు ఊరుకున్నారు. పరీక్షకి కటాలు మాత్రం తగ్గించొద్దన్నారు. తగ్గించలేదు.

చిరిగిన గిగారూ, మీరు చెప్పిన గోడ ప్రాక్టీసు వారానికి రెండురోజులు చేస్తున్నాం. మొదటి పది రౌండ్లలో ఒక్కసారి కూడా బయటపడలేదు. ఇప్పుడు మూడింట ఒకసారి వస్తున్నాను. కానీ వచ్చిన ప్రతిసారీ కంగారులో ఆయనకు వీపు చూపిస్తున్నాను, వెనక నుంచి తలమీద రెండు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?

చిరిగిన గి:

బయటపడాలన్న తొందరలో మీరు ఎడమవైపుకి, అంటే ఆయన కొట్టే చెయ్యి వైపుకి తిరిగి పారిపోతున్నారు. అటు కాదు. మీ ఎడమచెయ్యి తల దగ్గరే ఉంచండి. కుడిచేత్తో ఆయన ఎడమ మోచేతి దగ్గర బట్ట గుప్పిట పట్టి, మీ కడుపుకి అడ్డంగా ఎడమవైపుకి లాగండి. లాగుతూనే మీరు కుడివైపుకి అడుగెయ్యండి. నుదురు ఆయన భుజానికి ఆనించి ఉంచండి. అప్పుడు ఆయన కుడిచేతికి ఆయన భుజమే అడ్డం వస్తుంది, మీరు పక్కన ఉంటారు, మీ ముఖం ఆయన వైపే ఉంటుంది. పూర్తిగా పక్కకి వచ్చేదాకా బట్ట వదలకండి. ముందు గ్లవ్ లేకుండా, మెల్లగా, ఇరవైసార్లు చేసి చూడండి. తర్వాత గ్లవ్ వేసుకోమనండి.